చందా లిస్టులో అంకెలు ఎందుకు జరిగిపోతాయి? వర్డ్‌లో ట్యాబ్ స్టాప్ పెట్టే పద్ధతి

పోయిన రంజాన్‌లో మా మహల్లా మసీదు చందా లిస్టు టైప్ చేసింది నేనే. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చూస్తే పేర్లు ఒక వరుసలో, రూపాయలు ఒక వరుసలో చక్కగానే ఉన్నాయి. పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్లి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, జుమా ముందు నోటీసు బోర్డుకి అంటించేశాను. మర్నాడు పక్క గల్లీ ఖాలా ఒకరు ఇంటికొచ్చారు. "బేటా, నేనిచ్చిన ఐదొందలు అందలేదా? నా పేరు ముందు ఏమీ లేదని మా మనవడు చదివి చెప్పాడు" అన్నారు.

వెళ్లి చూస్తే నిజమే. ఆవిడ పేరున్న లైను కుడి అంచు దాటిపోయి, 500 అనే అంకె కింది లైనులోకి దిగింది. చూసేవాళ్లకి అది ఆ తర్వాతి మనిషి చందాలా కనిపిస్తోంది. రసీదు పుస్తకంలో లెక్క సరిగ్గానే ఉంది. తప్పు నా టైపింగ్‌ది. పేరుకీ అంకెకీ మధ్య స్పేస్ బార్ కొట్టుకుంటూ పోయాను, అంతే.

పాత టైప్‌రైటర్ మీద అయితే స్పేస్‌లతో పని నడిచేది. దాని మీద ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. కంప్యూటర్ ఫాంట్లు చాలావరకు అలా ఉండవు, తెలుగులో అయితే మరీను. 'గ' ఎంత చోటు తీసుకుంటుంది, 'క్షౌ' ఎంత తీసుకుంటుంది? ఒక్కో పేరు ఒక్కో చోట ఆగుతుంది, అక్కడి నుంచి స్పేస్‌లతో లాక్కొస్తే అంకెలు సుమారుగా కలుస్తాయి గానీ కచ్చితంగా కలవవు. పైగా నేను నిర్మలా యూఐ ఫాంట్‌లో టైప్ చేశాను. అది విండోస్ 8తో వచ్చింది. షాపులో ఉన్నది పాత విండోస్ 7. అక్కడ ఆ ఫాంట్ లేక వేరే ఫాంట్ వచ్చి కూర్చుంది, అక్షరాల వెడల్పు మారింది, లైన్లన్నీ కదిలిపోయాయి.

దీనికి మందు కీబోర్డు ఎడమ పక్కనే ఉంది, ట్యాబ్ మీట. కానీ దాన్ని ఊరికే నాలుగైదు సార్లు కొడితే మళ్లీ అదే గొడవ. మనం ఏమీ చెప్పకపోతే వర్డ్ ప్రతి అర అంగుళానికి, అంటే 1.27 సెంటీమీటర్లకి ఒక స్టాప్ ఉందనుకుంటుంది. పొడుగు పేరు ఒక స్టాప్ దాటేస్తే ఆ లైను అంకె తర్వాతి స్టాప్‌కి దూకుతుంది. కాబట్టి "ఇక్కడ ఆగు" అని కొలత మనమే ఇవ్వాలి. ఇచ్చాక దానికి ఎడమవైపున్న ఆ అర అంగుళం స్టాప్‌లు వాటంతట అవే పోతాయి. అప్పుడు ఒక కాలమ్‌కి ఒక్క ట్యాబే కొట్టాలి, రెండోది కొట్టారో అంతా చెడుతుంది.

ముందు పేజీ సైజు చూడండి. మన షాపుల్లో కాగితం ఏ4, వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండు పక్కలా 2.54 మార్జిన్ పోతే రాసుకోవడానికి మిగిలేది 15.92. కొన్ని కంప్యూటర్లలో కొత్త ఫైలు లెటర్ సైజులో తెరుచుకుంటుంది, అది ఏ4 కంటే కొంచెం వెడల్పు. దాని మీద కొలతలు పెట్టి ఏ4 మీద ప్రింట్ తీస్తే అంచు దగ్గర తేడా వస్తుంది. అందుకే లేఅవుట్‌లో సైజు ఏ4 అని పెట్టాకే మిగతా పని.

ఇప్పుడు హెడ్డింగ్ వదిలేసి లిస్టులోని లైన్లన్నీ సెలెక్ట్ చేయండి. ఇది మరిచిపోవద్దు, స్టాప్ అనేది సెలెక్ట్ చేసిన పేరాలకే పడుతుంది. హోమ్‌లో పేరాగ్రాఫ్ అని ఉన్నచోట మూలనున్న చిన్న బాణం నొక్కితే ఒక బాక్సు వస్తుంది. అందులో కింద ఎడమవైపు ట్యాబ్స్ అనే బటన్. సీరియల్ నంబరు ఎలాగూ అంచు నుంచే మొదలవుతుంది. పేరు కోసం 1.5 అని కొట్టి, లెఫ్ట్ ఎంచుకుని, సెట్ నొక్కండి. గల్లీ పేరుకి 8, అదీ లెఫ్టే. రూపాయలకి 15.9, ఇక్కడ మాత్రం రైట్. మీ వర్డ్ అంగుళాల్లో ఉంటే అంకె పక్కన సి, ఎం అనే ఇంగ్లిష్ అక్షరాలు కలిపి కొట్టండి, సెంటీమీటర్లుగా తీసుకుంటుంది.

ఈ రైట్ ట్యాబే అసలు సంగతి. అంకెల చివరలు ఒక గీతలో నిలబడతాయి, ఒకట్ల కింద ఒకట్లు, వందల కింద వందలు. 5,000కీ 50,000కీ తేడా దూరం నుంచే తెలిసిపోతుంది. ఒక లైనులో 500 అని, ఇంకో లైనులో 500 పక్కన గీతలు పెడితే మాత్రం అంకె పక్కకి జరుగుతుంది. రూపాయల్లో అని పైన హెడ్డింగ్‌లో ఒక్కసారి రాసి కింద ఉత్త అంకెలే వేయండి. కరెంటు బిల్లులాగా పైసలు కూడా ఉన్న లెక్కకి రైట్ బదులు డెసిమల్ ఎంచుకుంటే చుక్క కింద చుక్క వస్తుంది. లీడర్ అన్నచోట చుక్కలున్నది పెడితే అంకె దాకా చుక్కల గీత పడుతుంది. కళ్లజోడు సర్దుకుంటూ చదివే పెద్దవాళ్లకి అది చాలా ఆసరా.

పాత ఫైలు బాగుచేస్తుంటే హోమ్‌లోని పేరాగ్రాఫ్ గుర్తు నొక్కండి. స్పేస్‌లు చుక్కలుగా, ట్యాబ్‌లు బాణాలుగా కనిపిస్తాయి. చుక్కల బారు ఉన్నచోటల్లా తీసేసి ఒక్క బాణం ఉంచండి. కాస్త విసుగు పనే, నాకు ఒక సాయంత్రం పట్టింది. లిబ్రేఆఫీస్ వాడేవాళ్లకి ఇవన్నీ ఫార్మాట్ మెనూలోని పేరాగ్రాఫ్‌లో, ట్యాబ్స్ అనే పేజీలో ఉంటాయి.

గల్లీ పేరు, ఫోన్ నంబరు, రసీదు నంబరు అన్నీ కావాలని సదర్ సాబ్ పట్టుబడితే ట్యాబ్‌లతో కుస్తీ పట్టకండి, టేబుల్ వేసుకోండి. గడి లోపల ట్యాబ్ కావాలంటే కంట్రోల్ పట్టుకుని కొట్టాలి.

అదే లిస్టు ఉర్దూలో కూడా పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. పేరాను కుడి నుంచి ఎడమకి మార్చగానే రూలర్‌లో సున్నా కుడివైపుకి వెళ్తుంది, కొలతలన్నీ అక్కడి నుంచే లెక్క. తెలుగు పేజీని కాపీ చేసి పేర్లు మార్చేస్తే కుదరదు, ఉర్దూ పేజీకి స్టాప్‌లు వేరుగా పెట్టుకోవడమే సుఖం.

షాపుకైనా వాట్సాప్ గ్రూపుకైనా పీడీఎఫ్ చేసి పంపండి. మామూలుగా పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా ఫైలుతోపాటే వెళ్తుంది కాబట్టి పాత విండోస్ అయినా అడ్డురాదు. లిస్టుని మెసేజ్‌లో పేస్ట్ చేయకండి, అక్కడ ట్యాబ్ స్టాప్‌లు ఉండవు.