వార్తల్లో పదం: నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ)

రాష్ట్రం మారి ఆడాలనుకునే క్రికెటర్‌కు సొంత సంఘం ఇచ్చే అనుమతే ఎన్‌ఓసీ. 2024 ఫిబ్రవరిలో హనుమ విహారి ఇక ఎన్నటికీ ఆంధ్రకు ఆడనని ప్రకటించడంతో ఇది అందరి నోటా నానింది. సహచరుణ్ని మందలించినందుకు తనను కెప్టెన్సీ వదులుకోమన్నారని ఆయన ఆరోపించారు. ఆ సహచరుడు దాన్ని ఖండించాడు. జూన్‌లో పత్రం చేతికొచ్చినా, ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్‌ను కలిశాక విహారి ఆంధ్రకే ఆడతానన్నారు. ఒక్క సీజన్ తర్వాత, 2025లో, త్రిపురకు వెళ్లిపోయారు.

అలిగినవాణ్ని వెనక్కి పిలవడం వేరు, నిలుపుకోవడం వేరు. 2021లో మాంచెస్టర్ సిటీకి వెళ్లాలనుకున్న ఫుట్‌బాల్ తార హారీ కేన్‌ను అతని క్లబ్ టాటెన్‌హామ్ వదల్లేదు. అతను గోల్స్ కొడుతూనే ఉన్నాడు, కానీ ఆ క్లబ్బులో ట్రోఫీ దక్కలేదు. 2023లో జర్మనీ క్లబ్ బాయర్న్‌కు వెళ్లాడు. ధిక్కరించినవాణ్ని మళ్లీ ఆడిస్తే క్రమశిక్షణ ఏం కావాలని కొందరంటారు. ఆ భయం అర్థంలేనిది కాదు. అయితే 2021 సిడ్నీ టెస్టులో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఎదుర్కొని ఓటమి తప్పించిన విహారి లాంటి ఆటగాడు జట్టంటే లెక్కలేనివాడు కాడు. అతని ఫిర్యాదును రచ్చకెక్కకముందే వినడమే అసలైన క్రమశిక్షణ. డోన్ లాంటి చిన్న పట్టణపు కుర్రాడు రంజీకి చేరాలన్నా ఆంధ్ర క్రికెట్ సంఘం గడప తొక్కాల్సిందే. అందుకే ఫిర్యాదులను బయటివారితో విచారించే ఏర్పాటును, ఎన్‌ఓసీకి కచ్చితమైన గడువును సంఘం ప్రకటించాలి.