పుస్తకం మూశాకే అసలు పరీక్ష

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "మళ్లీ ఒకసారి చదువు." చిక్కంతా ఆ 'మళ్లీ'లోనే ఉంది. రెండోసారి పాఠం గడగడా సాగిపోతుంది. కళ్లకు పరిచయమైనదాన్ని బుర్రకెక్కిందని పొరబడతాం. అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ భ్రమను బయటపెట్టింది. విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. ఇంకోదాన్ని ఒక్కసారే చదివి, చూడకుండా గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాలకు పరీక్షిస్తే రెండుసార్లు చదివినదానిదే పైచేయి. వారం తర్వాత పరీక్షించినవారిలో మాత్రం అది 42 శాతమే గుర్తుంది. చూడకుండా రాసినది 56 శాతం నిలిచింది. పరీక్ష కాసేపట్లోనే అయితే సంగతి వేరు, కానీ మార్చి పరీక్షకు జనవరిలో చదివేవారికి కావాల్సింది ఆ రెండో లెక్కే.

ఇలా చూడకుండా రాయడం బట్టీకి కొత్త పేరు కాదా అనొచ్చు. బట్టీలో పదాల వరుస చాలు, అర్థంతో పని లేదు. పుస్తకం మూసి గుండె బొమ్మ గీసి, రక్తం ఏ గది నుంచి ఎక్కడికి పోతుందో సొంత మాటల్లో చెప్పబోతే, తడబడిన చోటే అర్థంకానిదేదో తెలుస్తుంది. తప్పు రాస్తే అదే పాతుకుపోతుందన్న భయమూ సహజమే. అందుకే రాసిన వెంటనే పుస్తకం తెరిచి దిద్దుకోవాలి. ఆ తప్పుల్నే మూడు నాలుగు రోజులు ఆగి మళ్లీ రాసి చూసుకోవాలి, కొంత మరుపు వచ్చాక.