పలకల పురమున పనిపాఠములు

ఒకప్పుడు తెలుగు బాలురు ఓనమాలు దిద్దిన పలకలకు పుట్టినిల్లయిన మార్కాపురమున, కాగితము పలకను బడినుండి సాగనంపిన పిమ్మట, అదే రాయి గోడలకును నేలకును అమర్చు బిళ్ళలై ఓడలెక్కి విదేశములకు పోవుచున్నది. రాయి పరదేశపు అంగళ్ళ నెరుగును గాని, దాని చెంతనే చదువుకొను విద్యార్థి ఆ వ్యాపారమర్మము నెరుగడు. ఇది వింతయే కాదు, నష్టము కూడ.

చదువును పనితో జతపరచు మార్గమునకు జర్మనీ ఒక ఉదాహరణము. అచ్చట 1969 నాటి వృత్తిశిక్షణ శాసనము, ప్రాచీనమైన శిష్యరికమును క్రమబద్ధము చేసి, యువకుడు భృతి గైకొనుచునే కొంతకాలము బడియందును, కొంతకాలము కర్మాగారమునందును గడపు ఏర్పాటును దృఢపరచెను. మన 2020 జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల వారికి వృత్తిపరిచయమునకై పుస్తకసంచి లేని 10 దినములను సూచించినది. ఆరంభము మంచిదే, కాని స్వల్పము.

మార్కాపురపు పలకల పరిశ్రమ బాలకార్మికుల చెమటను చూచినది గనుక, నేర్పుట వేరు, కూలికి పెట్టుట వేరని మరువరాదు. ఎగుమతిదారులు తమ విదేశీ కొనుగోలుదారులతో కలసి, నాణ్యతను, కొలతలను, అన్నిటికంటె ముందు రాతిధూళినుండి ఊపిరితిత్తులను కాపాడుకొను విధమును మార్కాపురము, గిద్దలూరు ఉన్నత పాఠశాలలలో బోధింప ముందుకు రావలయును.