కాలుష్యం ఎక్కడ పుడుతున్నది? యూసుఫ్‌గూడ నుంచి హుస్సేన్‌సాగర్ వరకు

(జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

పర్యావరణ కాలుష్యం అనగానే పొగగొట్టాలు, రసాయన కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. పరిశ్రమల బాధ్యతను కాదనడానికి వీలులేదు. బాలానగర్, జీడిమెట్ల, కూకట్‌పల్లి ప్రాంతాల పారిశ్రామిక వ్యర్థజలాలు కూకట్‌పల్లి నాలా ద్వారా దశాబ్దాలపాటు హుస్సేన్‌సాగర్‌కు చేరిన సంగతి తెలిసిందే. అయితే భారీ కర్మాగారాలు లేని నివాస ప్రాంతాలలో సైతం గాలి, నీరు, నేల కలుషితమవుతున్నాయి. ఇందుకు కారణాలేమిటో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోని యూసుఫ్‌గూడ పరిసరాలు చక్కని ఉదాహరణ.

నీరు పల్లమెరుగును

జూబ్లీహిల్స్ గుట్టలపై కురిసిన వర్షపు నీరు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ పల్లపు ప్రాంతాల మీదుగా మధురానగర్, అమీర్‌పేట వైపు ప్రవహించి హుస్సేన్‌సాగర్ పరీవాహకంలో కలుస్తుంది. ఈ దారిలో ఒకప్పుడు యూసుఫ్‌గూడ చెరువు ఉండేది. నేడు ఆ స్థలంలో కృష్ణకాంత్ పార్కు ఉన్నది. చెరువు ఉన్నచోట వాన నీరు నిలిచి, ఒండ్రు అడుగుకు చేరి, కొంత నీరు భూమిలోకి ఇంకుతుంది. చెరువు లేనిచోట ఆ నీరంతా రోడ్ల మీద పరుగెత్తుతుంది. గుట్టల మీది బండరాళ్ల స్థానంలో భవనాలు, సిమెంటు రోడ్లు వచ్చినకొద్దీ ఆ ప్రవాహ వేగం మరింత పెరిగింది.

పరుగెత్తే నీరు ఒంటరిగా పోదు. రోడ్డు మీది ధూళి, వాహనాల నూనె, ప్లాస్టిక్ సంచులు, భవన నిర్మాణ వ్యర్థాలు దానితో పాటు కొట్టుకుపోతాయి. పొంగిన మ్యాన్‌హోళ్ల నుంచి మురుగు నీరు అందులో కలుస్తుంది. గట్టి వాన కురిసిన ప్రతిసారీ కృష్ణానగర్ వీధులు జలమయం కావడానికి, అక్కడి ఇళ్లలోకి మురుగు చేరడానికి మూలం ఇదే. సినీ పరిశ్రమలో రోజువారీ వేతనంపై పనిచేసే కళాకారులు, కార్మికులు పెద్దసంఖ్యలో నివసించే ప్రాంతమది. ఎగువన కలిసిన కాలుష్యపు భారాన్ని దిగువనున్నవారు మోయవలసి వస్తున్నది.

ఆ భారం అక్కడితో తీరదు. ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో 16వ శతాబ్దంలో నిర్మించిన హుస్సేన్‌సాగర్ ఒకప్పుడు తాగునీటి వనరు. గృహాల మురుగులోని నత్రజని, భాస్వరం అందులో చేరడంతో నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరిగాయి. అవి కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి, దుర్గంధం వ్యాపిస్తుంది. సాగర్ మిగులు నీరు మూసీలో కలుస్తుంది. మూసీ నల్లగొండ జిల్లా పొలాలను తడుపుతూ వాడపల్లి వద్ద కృష్ణానదిని చేరుతుంది. యూసుఫ్‌గూడ వీధిలో పారవేసిన వ్యర్థం ఎక్కడో దూరాన రైతు పొలం గట్టు వరకు పోగలదన్నమాట.

గాలిలో కలిసేవి

ఇక వాయు కాలుష్యం. ఇరుకైన రహదారులపై ఆగి ఆగి సాగే వాహనాలు అధికంగా పొగ వదులుతాయి. ఇంధనం పూర్తిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడు, మసి వెలువడతాయి. ఇంజను వేడికి గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలిసి ఆక్సైడ్లుగా మారుతుంది. ఇవి ఎండ సమక్షంలో ఇతర వాయువులతో కలిసి ఓజోనును ఏర్పరుస్తాయి. చక్రాల కింద నలిగే రోడ్డు ధూళి, నిర్మాణ స్థలాల దుమ్ము, చెత్త కాల్చడం వల్ల వచ్చే పొగ దీనికి తోడవుతాయి. చలికాలపు ఉదయాలలో నేలకు దగ్గరి గాలి చల్లబడి పైకి లేవకపోవడం వల్ల ఈ కాలుష్యం అక్కడే నిలిచిపోతుంది.

పి.ఎం. 2.5గా పిలిచే అతిసూక్ష్మ ధూళికణాలు తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉంటాయి. ఇవి ఊపిరితిత్తుల లోతులకు చేరి ఉబ్బసం, గుండె జబ్బులకు కారణమవుతాయి. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం వీటి వార్షిక సగటు ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 5 మైక్రోగ్రాములు మాత్రమే.

చిత్రపరిశ్రమ పాత్ర

ఫిల్ము ముద్రణ కాలంలో ప్రాసెసింగు రసాయనాలు, వాటితో పాటు వెండి లవణాలు వ్యర్థజలాలలో ఉండేవి. డిజిటల్ విధానం రాకతో ఆ సమస్య దాదాపు తొలగిపోయింది. అయితే చిత్రీకరణ స్థలాలలో డీజిల్ జనరేటర్ల పొగ, సెట్టింగులు కూల్చిన పిదప మిగిలే థర్మోకోల్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంగులు, భోజనాల వద్ద పోగయ్యే ప్లాస్టిక్ నేటికీ ఆలోచింపజేసే అంశాలే. ఆ పొగను ముందుగా పీల్చేది జనరేటరు పక్కన పనిచేసే కార్మికుడే.

శబ్దమూ కాలుష్యమే. 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌కు మించి శబ్దం ఉండరాదు. రాత్రి అనగా 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు.

చట్టాలు, ఫలితాలు

1974 నీటి చట్టం, 1981 వాయు చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కాలుష్య నియంత్రణకు పునాదులు. 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిసిన పెట్రోలు దేశంలో నిలిచిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. 2019 మార్చిలో యూసుఫ్‌గూడ మీదుగా సాగే అమీర్‌పేట - హైటెక్ సిటీ మెట్రో మార్గం ప్రారంభమైంది. 2022 జూలై 1 నుంచి పలు ఏకవాడుక ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం విధించారు. మూలం వద్దనే కాలుష్యాన్ని ఆపగలిగితే ఫలితం ఉంటుందనడానికి సీసం లేని పెట్రోలే నిదర్శనం.

కర్మాగారపు గొట్టం వద్ద కాలుష్యాన్ని కొలవడం సులభం. వేల ఇళ్లు, వేల వాహనాల నుంచి కొద్దికొద్దిగా వెలువడేదాన్ని కొలవడం కష్టం. అందువల్లనే వరద నీటి కాలువలను మురుగు కాలువలను వేరుచేయడం, మిగిలిన చెరువులను కాపాడడం, తడి, పొడి చెత్తను ఇంటి వద్దనే విడదీయడం, నిర్మాణ వ్యర్థాలను నాలాలలో పడవేయకుండా చూడడం అత్యవసరం. హుస్సేన్‌సాగర్‌ను ఒడ్డున నిలబడి శుభ్రపరిస్తే చాలదు. ఆ పని ఎగువ వీధులలో మొదలు కావాలి. అధికార యంత్రాంగం, చిత్రపరిశ్రమ, పౌరులు ఎవరి పరిధిలో వారు ఈ బాధ్యతను స్వీకరించిననాడే కృష్ణానగర్ వాకిళ్లలోకి వానాకాలం మురుగు చేరకుండా ఉంటుంది.