మగ్గం పలకయు, పిరుదు నొప్పియు

నూలు కోసం మా సంఘం కార్యాలయానికి వచ్చే సభ్యులు కొందరు బల్ల చూపి కూర్చోమంటే కూర్చోరు. "నిలుచుంటేనే హాయిగా ఉన్నదయ్యా" అంటారు. మొదట అది మర్యాద అనుకొంటిమి. విచారించగా, కూర్చున్నప్పుడు పిరుదు అడుగున ఎముక మీద సూదులు గుచ్చినట్లు నొప్పి అని తెలిసినది. గుడియాత్తంలో లుంగీలు నేసేవారిలో ఈ మాట తరచు వినుచున్నాము. వాతమనియు, వయస్సు మీరినదనియు ఓర్చుకొనుచున్నారు. ముప్పై యేండ్ల పిల్లవానికి వయస్సు మీరుటేమి?

మన శరీరంలో ఎముకకు, దానిమీద కదలే కండరానికి మధ్య ఒరిపిడి తగలకుండ చిన్న చిన్న తిత్తులు గలవు. దేహమంతట సుమారు 150 ఉండును. లోపల కొంచెం జిగురు నీరు. బండి ఇరుసుకు కందెన వంటిది. వైద్యులు దీనిని బర్సా అందురు. ఒకే చోట నిత్యము ఒత్తిడి తగిలినచో తిత్తి వాచి, నీరు పెరిగి, నొప్పి పుట్టును. అదే బర్సైటిస్.

మనం కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల అడుగున నుండే రెండు ఎముక మొనల మీద పడును. గుంటమగ్గంపై నేతగాడు గట్టి పలక మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, కుడి ఎడమ తొక్కుడు చెక్కలను మార్చి మార్చి తొక్కును. తొక్కిన ప్రతిసారి నడుము అటు ఇటు ఊగి, ఆ మొనలు పలక మీద రాసుకొనును. రోజుకు ఎన్ని వేలసార్లో లెక్క వేసుకొనుడు. అందుచేతనే ఇంగ్లీషు వైద్యులు ఈ జబ్బుకు 'వీవర్స్ బాటమ్', అనగా నేతగాని పిరుదు, అని పేరు పెట్టినారు. వింటే నవ్వు వచ్చును గాని, మన వృత్తి పేరు రోగానికి పెట్టినారంటే మన తాతలనాటి నుండి ఎందరు బాధపడిరో ఆలోచింపుడు.

తాడు లాగి నాడె కొట్టేవారికి ఇదే వాపు భుజంలో రావచ్చును. మోకాళ్ళపై వంగి పనిచేసే ఆడవారికి మోకాలి చిప్ప మీద వచ్చును. కారణమొక్కటే.

గుర్తు పట్టుట ఇట్లు: కూర్చుంటే నొప్పి, లేస్తే తగ్గును, ఎముక మొనను వేలితో నొక్కితే అక్కడనే కలుక్కుమనును. తొడ వెనుకకు కొంత పాకవచ్చును. అయితే మోకాలు దాటి పాదం వరకు తిమ్మిరి, కాలిలో బలహీనత ఉంటే అది నడుము నరానికి సంబంధించినది కావచ్చును. ఆ తేడా వైద్యుడే చెప్పవలెను.

మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పావుగంట చొప్పున పెట్టవచ్చును. వాపు తగ్గిన పిదప వేడి కాపడం. నొప్పి మాత్రలు అంగడిలో అడిగి నెలల తరబడి మ్రింగరాదు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మరీ ప్రమాదము. గట్టిగా మర్దనా చేయించుట, వాతలు పెట్టించుట అసలే వలదు. మా సభ్యుడొకడు వాత పెట్టించుకొనగా అది చీము పట్టి, రెండు నెలలు మగ్గం ఆగినది. వాచిన చోట ఎర్రబారి, కాలుచు, జ్వరం వచ్చినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. మూడు వారాలకు తగ్గకున్నను చూపించుకొనవలెను. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో అవయవాల కసరత్తు వైద్యానికి ప్రత్యేక విభాగమే కలదు. ప్రమాదంలో నడుము క్రింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోనే పనిచేసిన డాక్టరు మేరీ వర్గీస్ గారు దానిని పెంచినారు; 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలసినది. అవసరమైతే తిత్తిలో సూది మందు వేయుదురు. కోత అరుదు.

విశ్రాంతి తీసుకొమ్మని చెప్పుట సులువు. నేసిన గజానికి కూలి వచ్చేవాడు పండుకొంటే పొయ్యి వెలుగదు. ఆ సంగతి మాకు తెలియును. కనుక పూర్తిగా మానుట కాక, పని విడగొట్టుకొనుడు. అరగంటకొకసారి గుంటలోనుండి లేచి నాలుగడుగులు నడువుడు. నొప్పి ఉన్న వారాలలో నిలుచుండి చేసే పడుగు పని తాము తీసుకొని, మగ్గం ఇంటిలోని మరొకరికి ఇచ్చుట మేలు. అట్టి సభ్యునికి పడుగు గడువు పొడిగింపవలెనని పాలకవర్గాన్ని కోరనున్నాము.

అన్నిటికన్న ముందు పలక చూచుకొనుడు. పాత చీరలు మడిచి వేస్తే నాలుగు దినాల్లో అణగిపోవును. మూడంగుళాల గట్టి స్పాంజి దిండో, దూది పరుపో వేయవలెను. దూదిని వారానికొకసారి ఎండలో వేసి సర్దవలెను. పలక ముందంచు వాడిగా ఉండక గుండ్రముగా చెక్కించవలెను. పాదాలు చెక్కలకు అందక వ్రేలాడితే తొడ అంచున నలుగును. గుంట అడుగున మట్టి వేసి ఎత్తు సరిచేయుడు. రాత్రి వెల్లకిల పండుకొని, ఒక్కొక్క మోకాలిని రొమ్మువైపు లాగి అరనిమిషం పట్టుటవలన పిరుదు కండరాలు సడలును.

పలక మార్పించదలచిన సభ్యులు దాని పొడవు, వెడల్పు, గుంట లోతు కొలిచి చీటీ మీద వ్రాసి నూలు తీసుకొనే రోజున తెచ్చినచో, వడ్రంగికి అందరిదీ ఒకేసారి చెప్పుదుము.