మేజరు జతిన్ దాస్ చివరి ప్రయాణం

కోల్‌కతా: దక్షిణ దిశగా సాగే భూగర్భ మెట్రో రైలులో నేతాజీ భవన్ స్టేషన్ దాటగానే వచ్చేది జతిన్ దాస్ పార్క్. 1986 నుంచి అక్కడ రైళ్లు ఆగుతున్నాయి. ఈ రెండు పేర్లూ పక్కపక్కన చేరడం కాకతాళీయమే కావచ్చు. కాని ఆ ఇద్దరు మనుషులు మాత్రం ఒకప్పుడు ఒకే దళంలో పనిచేసినవారు. 1928 డిసెంబరులో కలకత్తాలో జరిగిన కాంగ్రెసు మహాసభలో వాలంటీర్ల దళానికి సుభాస్ చంద్ర బోస్ జనరల్ ఆఫీసర్ కమాండింగ్. వాలంటీర్లను సమీకరించి వారికి కవాతు నేర్పినవారిలో ముఖ్యుడైన జతీంద్రనాథ్ దాస్‌ది మేజరు హోదా. ఆ తరువాత తొమ్మిది నెలలు నిండకుండానే ఆ సేనాధిపతి తన మేజరు భౌతిక కాయాన్ని హౌరా స్టేషన్‌లో అందుకోవలసి వచ్చింది.

ఆ దళానికి జీతాలు లేవు, తుపాకులు లేవు. సైనిక దుస్తులూ, బూట్లూ, వందనాలూ అన్నీ ఉన్నాయి గనుక గాంధీజీకి ఆ ఆర్భాటం రుచించలేదు. పరాయి ప్రభుత్వం చేతిలో సైన్యం ఉన్న దేశంలో కుర్రవాళ్లు సైనికుల్లా నడవడం నేర్చుకోవడాన్ని వేషమని కొట్టిపారేసినవారు అప్పుడు చాలామందే ఉన్నారు. 1929 సెప్టెంబరులో లాహోరు జైలు నుంచి వచ్చిన కబురు విన్న తరువాత ఆ మాట అనడం కష్టమైంది.

జతిన్ దాస్ 1904 అక్టోబరు 27న కలకత్తాలో జన్మించాడు. తండ్రి పేరు వంకిమ్ విహారీ దాస్. తల్లి చిన్నతనంలోనే పోయింది. పదహారేళ్ల వయసులో సహాయ నిరాకరణోద్యమంలోకి దూకాడు. 1925 నవంబరులో, బి.ఎ. చదువుతుండగా అరెస్టయి మైమన్‌సింగ్ జైలుకు వెళ్లాడు. అక్కడ రాజకీయ ఖైదీల పట్ల అధికారులు ప్రవర్తించే తీరుకు నిరసనగా ఇరవై రోజులు నిరాహారంగా ఉన్నాడు. చివరకు జైలు సూపరింటెండెంటు క్షమాపణ చెప్పుకోగా దీక్ష విరమించాడు. కనుక ఆకలి అంటే ఏమిటో అతనికి పుస్తకాల ద్వారా కాక శరీరం ద్వారానే తెలుసు. తరువాతి కథలో ఈ సంగతికి చాలా ప్రాధాన్యం ఉంది.

సాండర్స్ హత్యానంతరం భగత్ సింగ్ మారువేషంలో కలకత్తా చేరినప్పుడు వెతుక్కున్న వ్యక్తి ఇతడే. హిందుస్థాన్ సోషలిస్టు రిపబ్లికన్ ఆర్మీకి బాంబుల తయారీ తెలిసిన మనిషి కావలసి వచ్చింది. జతిన్ ఆగ్రా వెళ్లి ఆ విద్య నేర్పాడు. 1929 జూన్ 14న కలకత్తాలో అతనిని అరెస్టు చేసి లాహోరు కుట్ర కేసులో విచారణ కోసం తరలించారు.

అప్పటికే భగత్ సింగ్, బటుకేశ్వర దత్ జైలులో నిరాహార దీక్షకు దిగి ఉన్నారు. వారి కోర్కెలు చదివితే ఈనాటి పాఠకునికి ఆశ్చర్యం కలుగవచ్చు. తినదగిన తిండి, బలవంతపు చాకిరీ నుంచి మినహాయింపు, పుస్తకాలు, దినపత్రిక, రాజకీయ ఖైదీలందరికీ ఒకే వసతి. విడుదల చేయమని అడగలేదు, శిక్ష తగ్గించమనీ అడగలేదు. మిగతావారు కూడా దీక్షలో చేరాలన్నప్పుడు అభ్యంతరం చెప్పినవాడు జతిన్ ఒక్కడే. కాల్పుల్లో చావడం, ఉరికంబమెక్కడం దీనికన్నా సులువనీ, ఒకసారి మొదలుపెట్టి మధ్యలో వదిలేయడంకన్నా అసలు మొదలుపెట్టకపోవడమే మేలనీ సహచరులను హెచ్చరించాడు. అందరూ నిర్ణయించుకున్నాక మాత్రం జూలై 13న అతడూ చేరాడు. చేరినవాడు వెనక్కు తిరగలేదు.

జైలు అధికారులు ముక్కులో గొట్టం దూర్చి పాలు పోయించేవారు. పలువురు మనుషులు కాళ్లూ చేతులూ అదిమిపట్టుకుంటే వైద్యుడు పని కానిచ్చేవాడు. జూలై చివరి వారంలో అలా పోసిన పాలు జతిన్ ఊపిరితిత్తుల్లోకి పోయాయి. జ్వరం పట్టుకుంది. ఆ తరువాత అతని దగ్గరకు గొట్టం తేవడానికి వైద్యులే జంకారు. ఆగస్టు గడిచేసరికి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి, చూపు మందగించింది. తమ్ముడు కిరణ్ చంద్ర దాస్‌ను దగ్గరుండి చూసుకోనిచ్చారు.

ఇక్కడ ప్రభుత్వం చేసిన పని గమనించదగ్గది. జైళ్ల పరిస్థితిపై వేసిన విచారణ సంఘం జతిన్‌ను ఏ షరతూ లేకుండా విడిచిపెట్టాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం దానికి ఒప్పుకోలేదు, జామీను మీద పంపుతానన్నది. జామీను తనకు అక్కరలేదని జతిన్ నిరాకరించాడు. అతనిపై నేరం ఇంకా రుజువు కాలేదు. న్యాయస్థానం తీర్పు చెప్పలేదు. చట్టం దృష్టిలో అతడు చివరి శ్వాస దాకా విచారణ ఖైదీ మాత్రమే. అరవై మూడవ రోజున, 1929 సెప్టెంబరు 13 మధ్యాహ్నం ఒంటి గంట దాటిన కొద్ది నిమిషాలకు అతడు మరణించాడు. ఇరవై అయిదేళ్లు నిండడానికి ఇంకా ఆరు వారాలుంది.

పోయే ముందు తమ్మునికి చెప్పిన మాట ఒకటి ఉంది. కాళీబాడీలో వంగ సంప్రదాయం ప్రకారం తన అంత్యక్రియలు జరపవద్దనీ, తాను భారతీయుడననీ అన్నాడు. కులాచారం, ప్రాంతాచారం కాక మరేదో గౌరవం కావాలని కోరినట్లే. ఆ గౌరవాన్ని ఏ పురోహితుడూ, ఏ ప్రభుత్వమూ ఏర్పాటు చేయలేదు. జనమే చేశారు.

లాహోరులో దుర్గావతీ దేవి, విప్లవకారులందరికీ దుర్గా భాభీ, అంతిమ యాత్రకు ముందు నడిచింది. శవాన్ని కలకత్తాకు చేర్చే ఖర్చుకు సుభాస్ బోస్ 600 రూపాయలు పంపినట్లు నాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. రైలు దేశానికి ఆ కొస నుంచి ఈ కొసకు రావాలి. ఢిల్లీ, కాన్పూరు, అలహాబాదు... బండి ఆగిన ప్రతి పెద్ద స్టేషన్‌లోనూ పూలతో, జెండాలతో జనం నిలబడి ఉన్నారు. ఉత్తర భారతంలో చాలామందికి అంతకు మూడు నెలల క్రితం ఈ వంగ యువకుని పేరే తెలియదు.

సెప్టెంబరు 15 సాయంత్రానికి రైలు హౌరా చేరింది. బోస్ తదితర నాయకులు ఎదురేగారు. ఆ రాత్రి భౌతిక కాయాన్ని హౌరా టౌన్ హాలులో ఉంచారు. మరునాడు నది దాటి దక్షిణాన కేవడాతలా శ్మశానం దాకా సాగిన ఊరేగింపు రెండు మైళ్ల పొడవున్నదని చెబుతారు. పాల్గొన్నవారి సంఖ్య లక్షల్లో ఉన్నది. సరిగ్గా ఎన్ని లక్షలన్నది లెక్కించగలిగినవారెవరూ ఆనాడు అక్కడ లేరు. బోస్ ముందు నడిచాడు. కొడుకు చితికి తండ్రి వచ్చాడు.

ఏడుపులు లేవని కాదు. కాని ఆ యాత్రను సంతాపంగా మాత్రమే చూస్తే పొరపాటవుతుంది. 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదం దేశంలో మారుమోగడం మొదలై పట్టుమని ఆరు నెలలు కూడా కాలేదు. ఆ ఏప్రిల్‌లోనే ఢిల్లీ శాసనసభలో భగత్ సింగ్, దత్ వినిపించిన కేక అది. కలకత్తా వీధులు దానిని ఆనాడు తమ సొంతం చేసుకున్నాయి. అతడు ఎలా చచ్చాడన్నదానికన్నా ఎలా నిలబడ్డాడన్నదే ఆ రోజున నగరం చెప్పుకున్న మాట. యుద్ధంలో నెగ్గి వచ్చిన సేనానికి స్వాగతం చెప్పినట్లు, ఒక మేజరుకు ఏ మేజరుకూ దక్కని లాంఛనాలతో వీడ్కోలు చెప్పారు.

కలకత్తాకు ఇది కొత్త కాదు. 1908 నవంబరులో ఇరవై ఏళ్ల కన్నయలాల్ దత్‌ను ఉరితీసి శవాన్ని బంధువులకు అప్పగిస్తే, కాళీఘాట్ వైపు సాగిన శవయాత్రలో నగరం పోటెత్తింది. చితాభస్మం కోసం జనం ఎగబడ్డారు. అది చూసి బెదిరిన ప్రభుత్వం, కొద్ది రోజుల తరువాత సత్యేంద్రనాథ్ బోస్‌ను ఉరితీసినప్పుడు శవాన్ని బయటికివ్వకుండా జైలులోనే దహనం చేయించింది. ఇరవై ఒక్క ఏళ్లు గడిచాక జతిన్ దాస్ విషయంలో ఆ జాగ్రత్త మరచిపోయిందో, అంత దూరం నుంచి వచ్చే శవం ఏం చేస్తుందిలే అనుకున్నదో!

సిమ్లాలో కేంద్ర శాసనసభ అప్పుడే సమావేశమై ఉన్నది. నిరాహార దీక్ష వల్ల కోర్టుకు రాలేని నిందితుల పరోక్షంలో కూడా విచారణ జరపడానికి వీలు కల్పించే బిల్లును ప్రభుత్వం తెచ్చింది. జతిన్ మరణానికి ముందు రోజునా, మరునాడూ దానిని తీవ్రంగా ఖండిస్తూ మాట్లాడినవాడు మహమ్మద్ అలీ జిన్నా. దీక్షకు దిగే మనిషికి అంతరాత్మ ఉంటుందనీ, అతడు మామూలు హంతకుడు కాడనీ ఆయన వాదన. సెప్టెంబరు 14న మోతీలాల్ నెహ్రూ ప్రతిపాదించిన అభిశంసన తీర్మానం నెగ్గింది. పంజాబు శాసనమండలిలో గోపీచంద్ భార్గవ, మహమ్మద్ ఆలం సభ్యత్వాలకు రాజీనామా చేశారు. 1920లో 74 రోజుల నిరాహారం తరువాత బ్రిటిష్ జైలులో మరణించిన కార్క్ నగర మేయరు టెరెన్స్ మాక్‌స్వైనీ కుటుంబం ఐర్లండు నుంచి సానుభూతి తంతి పంపింది. శాంతినికేతన్‌లో 'తపతి' నాటకం సిద్ధం చేస్తున్న రవీంద్రుడు ఈ వార్త విని కలతచెంది ఒక గీతం రాసి అందులో చేర్చాడు. గాంధీజీ మాత్రం తన పత్రికలో మౌనం వహించాడు. ఆ మౌనాన్ని బోస్ మరచిపోలేదు, తరువాత రాసిన పుస్తకంలో ఎత్తిచూపాడు. ఆ ఆగస్టులో రాజకీయ బాధితుల దినం పేరిట ఊరేగింపు నడిపినందుకు బోస్‌కే 1930 జనవరిలో ఏడాది జైలు శిక్ష పడింది.

తెలుగువారికి నిరాహారంతో ప్రాణం విడిచిన మనిషి అనగానే పొట్టి శ్రీరాములు గుర్తుకు వస్తాడు. 1952 డిసెంబరు 15 రాత్రి, 58 రోజుల దీక్ష తరువాత ఆయన మద్రాసులో కన్నుమూశాడు. మరునాటి శవయాత్ర ఆంధ్ర జిల్లాలను అట్టుడికించింది. డిసెంబరు 19న నెహ్రూ రాష్ట్ర ప్రకటన చేయవలసి వచ్చింది. జతిన్ దాస్ శవయాత్ర నుంచి అంత త్వరగా ఫలితం రాలేదు. వచ్చినది కూడా వంకరగా వచ్చింది. 1930 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విభజించింది. చదువు, సంఘంలో హోదా, జీవన స్థాయి ఆ విభజనకు కొలబద్దలు. రాజకీయ ఖైదీలందరికీ ఒకే వసతి కావాలని ఒక యువకుడు ప్రాణమిస్తే, ఉన్నవాడికి మంచమూ లేనివాడికి చాపా అన్న పాత లెక్కనే నిబంధనల్లో రాసి ఇచ్చారు. వకీలు ఏ తరగతికి వెళ్లాడు, అదే ఊరేగింపులో అరెస్టయిన కూలీ సీ తరగతికి వెళ్లాడు.

1930 అక్టోబరులో లాహోరు కేసు తీర్పు తరువాత జతిన్ సహచరుల్లో కొందరిని మద్రాసు రాష్ట్రపు జైళ్లకు పంపారు. రాజమండ్రి కేంద్ర కారాగారానికీ ఆ అతిథులు వచ్చారు. లాహోరులో అతనితోపాటు ఆకలిని అనుభవించిన విజయ్ కుమార్ సిన్హా తరువాతి కాలంలో హైదరాబాదులోనే స్థిరపడ్డాడు. మరొక సహచరుడు మహావీర్ సింగ్ 1933 మే 17న అండమాన్ జైలులో, బలవంతంగా గొట్టంతో పాలు పోస్తుండగా అవి ఊపిరితిత్తుల్లోకి పోయి మరణించాడు. నాలుగేళ్లు గడిచినా ఆ గొట్టం మారలేదు.

స్వతంత్ర భారతంలో తపాలా శాఖ 1979లో జతిన్ దాస్ బొమ్మతో స్టాంపు వేసింది. కాని అతడు పోయినప్పుడు ఉన్న స్థితి, నేరం రుజువు కాకుండానే జైలులో ఉండడం, ఇంకా మన దేశంలో అత్యధిక ఖైదీల స్థితి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైగా. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే, ఉరి లేదా యావజ్జీవ శిక్షలు పడే నేరాలు తప్ప మిగతా కేసుల్లో, వారిని విడుదల చేయాలన్నది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించే నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పింది. ఖైదీ చేత చేయించే చాకిరీ గురించి జతిన్ మిత్రులు 1929లో అడిగిన ప్రశ్నకు ఇది ఒక జవాబు. రావడానికి తొంభై అయిదేళ్లు పట్టింది.

ప్రభుత్వం మాత్రం కేవడాతలా పాఠాన్ని అంత ఆలస్యంగా నేర్చుకోలేదు. 1931 మార్చి 23 సాయంత్రం లాహోరులో భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను ఉరితీశారు. ఉరికి మర్యాదగా తెల్లవారుజామును ఎంచుకునే ఆనవాయితీని పక్కనబెట్టారు. బంధువులకు శవాలివ్వలేదు. చీకట్లో వాటిని సట్లెజ్ ఒడ్డున హుస్సేనీవాలాకు చేర్చి, జనం రాకముందే హడావుడిగా దహనం చేశారు.