తొక్కు జాడీలో నీళ్లు యాడికెల్లి వచ్చినయ్?

ఎండాకాలం తొక్కు పెట్టడానికి మా ఇంటావిడ మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేసింది. రెండోరోజు మనవడు మూత తీసి చూశాడు. "తాతా, నానమ్మ సుక్క నీళ్లు పొయ్యలే. గిన్ని నీళ్లు యాడికెల్లి వచ్చినయ్?"

అది ఊట బిడ్డా, ముక్కల్లోని నీళ్లే. ముక్కలో ప్రతి కణానికీ ఒక పల్చటి పొర ఉంటుంది. అది నీళ్లను పోనిస్తుంది గాని, ఉప్పును అంత సులువుగా రానివ్వదు. ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్లు అటు నడుస్తాయి. సముద్రపు నీళ్లు తాగినా ఇదే గతి. లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పు. దాన్ని బయటికి పంపాలంటే మూత్రపిండాలకు తాగినదానికంటే ఎక్కువ నీళ్లు కావాలి. తాగిన కొద్దీ ఒళ్లు ఎండిపోతుంది.

"ఆ ఉప్పు నీళ్లను బట్టేసి వడగడితే?" మట్టి చిక్కుతుంది, కరిగిన ఉప్పు చిక్కదు. "కాగబెడితే?" క్రిములు చస్తాయి, ఉప్పు గంజులోనే ఉంటుంది. కాకపోతే గంజులో ఉప్పు నీళ్లు కాగబెట్టి, చల్లారాక మూత కింద చూడమన్నాను. మూతకు పట్టిన చుక్కను వేలితో నాకాడు. "చప్పగుంది తాతా!" ఆవిరి ఉప్పును మోసుకుపోదు మరి. లక్షద్వీపాల్లోని కవరత్తిలో 2005 నుంచి ఈ సూత్రంతోనే మంచినీళ్లు తీస్తున్నారు. అక్కడ పొయ్యి లేదు. గాలి పీడనం తగ్గిస్తే సముద్రం పైభాగపు వెచ్చటి నీళ్లే ఆవిరవుతాయి. లోతులోంచి తోడిన చల్లటి నీళ్లతో ఆ ఆవిరిని మళ్లీ నీళ్లు చేస్తారు.

ఉప్పు తీసే రెండో దారి, ఊటను వెనక్కి నెట్టడం. ఉప్పు నీళ్లను గట్టిగా ఒత్తితే నీళ్లు పొర దాటుతాయి, ఉప్పు ఇవతలే ఆగిపోతుంది. మనం ఆర్‌వో అనేది దీన్నే. ఇందుకు పనికొచ్చే పొరను 1950ల చివర్లో అమెరికాలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ తయారుచేశారు. సముద్రపు నీటికైతే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 55 నుంచి 70 రెట్లు ఒత్తాలి. కరెంటు ఖర్చంతా అక్కడే. చెన్నై దగ్గర మింజూరులో 2010లో మొదలైన ప్లాంటు సామర్థ్యం రోజుకు 10 కోట్ల లీటర్లు.

మా ఊరు అత్వెల్లికి సముద్రం ఎక్కడో ఉంది, లవణాలు మాత్రం బోరులోనే ఉన్నాయి. రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లు రాతిలోని లవణాలను కరిగించుకుంటాయి. అందుకే పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు కాయిలుకు తెల్లటి పెచ్చు కడుతుంది. ఇది చూసి అందరూ ఆర్‌వో మిషన్ కొంటున్నారు. అది ఒక బిందె మంచినీళ్లిచ్చి రెండు మూడు బిందెలు మోరీలో పోస్తుంది.

లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే తాగడానికి మంచిదని భారతీయ ప్రమాణం. ఆ లోపు ఉన్నచోట ఇంటి ఆర్‌వోలు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. అయితే ఈ లవణాలను కొలవడానికి చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరుకు క్రిములూ ఫ్లోరైడూ తెలియవు. కాబట్టి ముందు నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించండి, మిషన్ సంగతి తర్వాత. ఇప్పటికే కొనుంటే, అది వదిలే నీళ్లకు ఒక బకెట్ పెట్టండి. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి అవి చాలు.